ఆటోనగర్ పక్క మేడగదిలో గేమింగ్ కంప్యూటర్: ప్రాసెసర్ మారింది, బోర్డు మారలేదు

విజయవాడ గవర్నర్‌పేటలో మా కొట్టుకి గేమింగ్ కంప్యూటర్ పట్టుకొచ్చే కుర్రాళ్లు దాదాపు అందరూ మొదట అనే మాట ఒకటే: "అన్నా, ల్యాగ్ అవుతోంది." నెట్ నెమ్మదించినా ల్యాగే, ఫ్రేములు (సెకనుకి తెర మీదికొచ్చే బొమ్మలు) పడిపోయినా ల్యాగే, స్క్రీన్ ఒక్క సెకను బిగుసుకుపోయినా ల్యాగే. ఆ ఒక్క మాటని విడదీయకుండా పార్టులు మార్చడం మొదలుపెడితే డబ్బు పోతుంది, జబ్బు అలాగే ఉంటుంది. 2025 మే నెలాఖరులో నా చేతికొచ్చిన ఒక మెషీన్ సంగతి మొదటి నుంచి చివరిదాకా ఇక్కడ రాస్తున్నాను. "ప్రాసెసర్, మదర్‌బోర్డు రెండూ మార్చేయమంటావా?" అని అడిగేవాళ్లకి నేను రోజూ నోటితో చెప్పేదంతా ఈ ఒక్క కేసులో ఉంది.

అబ్బాయిది పటమట. ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. వాళ్ల నాన్నగారికి ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డు ఉంది. అబ్బాయి శని, ఆదివారాలు ఒక ఫొటో స్టూడియోకి పెళ్లి వీడియోలు ఎడిట్ చేసిపెట్టి ఏడాదిన్నర పాటు కూడబెట్టిన 48,000 రూపాయలు చేతిలో పెట్టుకుని వచ్చాడు. వేరే షాపులో కొటేషన్ కూడా రాయించుకున్నాడు. రైజెన్ 5 7600 ప్రాసెసర్ 17,500, బీ650 బోర్డు 13,500, 32 జీబీ డీడీఆర్5 ర్యామ్ 8,500. మొత్తం 39,500. "బిగించి ఇవ్వడానికి ఎంత తీసుకుంటావన్నా?" అన్నదొక్కటే అతని ప్రశ్న. మార్చాలా వద్దా అన్నది అతని మనసులో ఎప్పుడో తేలిపోయింది.

ఉన్న మెషీన్ 2020లో కొన్నది. రైజెన్ 5 2600 ప్రాసెసర్, నాలుగు ర్యామ్ స్లాట్లున్న చిన్న సైజు బీ450 బోర్డు, 16 జీబీ డీడీఆర్4, 6 జీబీ జీటీఎక్స్ 1660 సూపర్ గ్రాఫిక్స్ కార్డు, 450 వాట్ల పవర్ సప్లై. మానిటర్ 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ, 144 హెర్ట్జ్. విండోస్ 11 వేసి ఉంది. ఎక్కువగా ఆడేది వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2. సెలవుల్లో సైబర్‌పంక్ 2077.

"ల్యాగ్ అనే మాట పక్కన పెట్టి, అసలు ఏం జరుగుతోందో చెప్పు" అన్నాను. కాసేపు ఆలోచించి మూడు సంగతులు చెప్పాడు. రోజులో మూడు నాలుగు సార్లు బొమ్మ ఉన్నట్టుండి ఆగిపోతుంది, సౌండ్ గరగరమంటూ ఒకే ముక్క దగ్గర తిరుగుతుంది, ఒకటి రెండు సెకన్లలో అంతా మామూలైపోతుంది. ఇదొకటి. ఐదారుగురు ఒకచోట చేరి పొగలు, మంటలు వేసుకున్నప్పుడు మౌస్ బరువెక్కినట్టు తడబడుతుంది. ఇది రెండోది. మూడోది మధ్యాహ్నం పూట ఆట మొత్తం మందగిస్తుంది, అర్ధరాత్రి దాటాక బాగుంటుంది. నా నోట్‌బుక్‌లో మూడింటినీ మూడు వేర్వేరు వరుసల్లో రాసుకున్నాను. మూడూ ఒకే కారణం వల్ల వస్తున్నాయని నాకు అనిపించలేదు.

మెషీన్‌ని కొట్లో వదిలి వెళ్తానన్నాడు, నేను ఒప్పుకోలేదు. మా కొట్లో ఏసీ ఉంది. రోహిణి కార్తెలో పటమట మేడగదిలో మందగించే మెషీన్ ఏసీ కింద హాయిగా నడుస్తుంది, నాకేమీ కనబడదు. ఎక్కడ ఆడతాడో అక్కడే చూడాలి.

ఇంటి దగ్గర

మర్నాడు మధ్యాహ్నం రెండున్నరకి వెళ్లాను. పై అంతస్తు, నెత్తిమీద నేరుగా శ్లాబు. గదిలో నా థర్మామీటర్ 37 డిగ్రీలు చూపించింది. క్యాబినెట్ బల్ల కింద నేలమీద, గోడకి ఆనుకుని ఉంది.

ఏదీ ముట్టుకోకుండా ముందు ఉన్నది ఉన్నట్టు కొలిచాను. వాలరెంట్‌లో టీమ్ డెత్‌మ్యాచ్ (ఐదుగురేసి ఉన్న రెండు జట్ల పోరు) మూడు సార్లు ఆడించి సగటు తీశాను. ప్రాక్టీస్ రేంజ్‌లో ఒంటరిగా నిలబడి చూసే అంకెతో పని లేదు, అక్కడ పోరు ఉండదు కాబట్టి ప్రాసెసర్‌కి బరువు పడదు. సగటు 148 ఫ్రేములు వచ్చాయి. అయితే సగటు కన్నా నేను ఎక్కువ నమ్మేది ఒక శాతం కనిష్ఠాన్ని, అంటే అన్నిటికన్నా నెమ్మదిగా వచ్చిన ఒక శాతం ఫ్రేముల వేగాన్ని. అది 61. చేతికి తెలిసే తడబాటు అదే. కౌంటర్ స్ట్రైక్ 2లో సగటు 92, కనిష్ఠం 38. ప్రాసెసర్ వేడి 91 డిగ్రీలు. 3.7 గిగాహెర్ట్జ్ దగ్గర నడవాల్సింది 3.4కి దిగిపోయింది. రైజెన్ 5 2600కి కంపెనీ పెట్టిన వేడి హద్దు 95 డిగ్రీలు. ఆ హద్దు దగ్గరపడే కొద్దీ వేగం తనే తగ్గించుకుంటుంది. నోట్‌బుక్‌లో మూడో వరుస సగం అక్కడే తేలింది.

నెట్ సంగతి ఐదు నిమిషాల్లో అయిపోయింది. కేబుల్ కనెక్షనే, వాలరెంట్ గ్రాఫులో పింగ్‌లో (ఆట సర్వర్ నుంచి జవాబు రావడానికి పట్టే సమయం) ఎగుడుదిగుడులు లేవు, ప్యాకెట్లు (డేటా ముక్కలు) పోవడం లేదు. దాన్ని కొట్టేశాను.

పక్క తలుపు తీశాను. కూలర్ రెక్కల మధ్య దుమ్ము పాత కంబళి ముక్కలా అల్లుకుపోయి ఉంది. ఇక ర్యామ్. రెండు స్టిక్కులు పక్కపక్కనే, మొదటి రెండు స్లాట్లలో ఉన్నాయి. 2020లో మెషీన్‌తో వచ్చినది ఒకటి, 3200 వేగానిది. రెండేళ్ల తర్వాత అబ్బాయే కొని పెట్టుకున్నది ఇంకొకటి, 2666ది. నాలుగు స్లాట్ల బోర్డులో రెండు స్టిక్కులు ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండు, నాలుగు స్లాట్లలో పెట్టాలి. అప్పుడే రెండు దారుల్లో డేటా నడుస్తుంది. పక్కపక్కన పెడితే 16 జీబీ కనబడుతుంది కానీ దారి ఒక్కటే. వేగం కూడా 2400 దగ్గరే ఉంది. రెండు స్టిక్కులున్నా మూడేళ్లుగా ఈ ప్రాసెసర్ ఒంటి చేత్తో పని చేస్తోందన్నమాట. అబ్బాయి తప్పేమీ కాదిది. ఖాళీగా ఉన్న స్లాటు చూసి పెట్టాడు, ఏ స్లాటులో పెట్టాలో అతనికి ఎవరూ చెప్పలేదు.

పైసా పెట్టకుండా అయ్యే పనులు

కొలతలు అయ్యాక మెషీన్‌ని కొట్టుకి తెచ్చాను. ఇక్కడ ఒక పని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఇంట్లో సొంతంగా చేసుకునేవాళ్లు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే.

ఈ బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూడుని, అంటే సాకెట్‌ని, ఏఎం4 అంటారు. ఏఎం4 ప్రాసెసర్‌కి అడుగున 1,331 కాళ్లు (పిన్నులు) ఉంటాయి. సాకెట్‌లో లీవర్ వాటిని పట్టుకుంటుంది కానీ ఆ పట్టు అంత గట్టిది కాదు. ప్రాసెసర్ వేడిని కూలర్‌కి చేరవేసే థర్మల్ పేస్ట్ ఐదేళ్లుగా మార్చక ఎండి జిగురులా మారితే, కూలర్‌ని నిలువుగా లాగగానే ప్రాసెసర్ దానికి అంటుకుని సాకెట్‌లోంచి ఊడి వచ్చేస్తుంది. లీవర్ మూసి ఉండగానే వస్తుంది. వస్తూ వస్తూ కాళ్లు వంచుకుంటుంది. అందుకని ముందు పది నిమిషాలు ఆట నడిపి ప్రాసెసర్‌ని బాగా వేడెక్కించాను. ఆపి, ప్లగ్ తీసి, కూలర్ స్క్రూలు నాలుగూ మూలకి మూల వదులు చేశాను. తర్వాత కూలర్‌ని పైకి లాగకుండా, సీసా మూత తిప్పినట్టు రెండు వేళ్లతో ఎడమకి కొంచెం, కుడికి కొంచెం తిప్పుతూ పోయాను. మొదట కదల్లేదు. ఐదారు సార్లయ్యాక టక్ మని చిన్న శబ్దం వచ్చి వదిలింది. ఇక అప్పుడే పైకెత్తాలి. అడుగున పేస్ట్ పాత గోడ సున్నంలా పెచ్చులు కట్టి, మధ్యలో ప్రాసెసర్ మూత బోసిగా కనబడుతోంది. వేడి దిగే దారి అక్కడే మూసుకుపోయింది.

బ్లోవర్‌తో దుమ్ము కొట్టేటప్పుడు ఫ్యాను రెక్క తిరక్కుండా వేలితో పట్టుకోవాలి, లేకపోతే బేరింగ్ పోతుంది. కొత్త పేస్ట్ వేశాను. ర్యామ్ రెండు, నాలుగు స్లాట్లలోకి మార్చి 3200 పెట్టి చూశాను. మెమరీ పరీక్షలో రెండో విడతకే తప్పులు వచ్చాయి. 2933కి దించి రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి నాలుగు విడతలూ తప్పు లేకుండా పూర్తయ్యాయి. వేర్వేరు స్టిక్కులు కలిపి వాడేటప్పుడు ఈ రాత్రంతా పరీక్ష మానకూడదు. ర్యామ్ తప్పు బయటికి ర్యామ్ తప్పులా కనబడదు, విండోస్ ఫైళ్లు పాడై ఎక్కడెక్కడో తేలుతుంది.

ఇక మొదటి వరుస: బొమ్మ ఆగి, సౌండ్ గరగరమనడం. "ఇది ఎప్పట్నుంచి?" అని అడిగితే, విండోస్ 11కి మారినప్పటి నుంచి అన్నాడు. విండోస్ 11కి, దాని మీద వాలరెంట్‌కి టీపీఎం 2.0 (తాళాల్లాంటి రహస్య కీలు దాచే భద్రతా భాగం) ఆన్‌లో ఉండాలి. మారేటప్పుడు బయోస్‌లో (మెషీన్ ఆన్ కాగానే ముందుగా నడిచే, బోర్డు మీది ప్రోగ్రామ్) ఎఫ్‌టీపీఎంని, అంటే ప్రాసెసర్‌లోనే ఉండే టీపీఎంని ఆన్ చేసుకున్నాడు. అది అప్పుడప్పుడు బోర్డు మీదున్న బయోస్ చిప్‌తో మాట్లాడుతుంది. పాత బయోస్ ఉన్న కొన్ని రైజెన్ మెషీన్లలో ఆ మాట పూర్తయ్యేదాకా మెషీన్ మొత్తం క్షణం పాటు నిలిచిపోయేది. ఇది అందరికీ తెలిసిన సంగతే. 2022లో ఏజీసా 1.2.0.7తో (రైజెన్ తయారుచేసే ఏఎండీ బోర్డు కంపెనీలకిచ్చే బయోస్ మూల కోడ్) వచ్చిన బయోస్‌లలో సరిచేశారు. ఈ బోర్డులో బయోస్ అంతకన్నా పాతది. మెషీన్ కొన్నాక ఒక్కసారి కూడా మార్చలేదు.

బయోస్ మార్చే ముందు రెండు జాగ్రత్తలు తీసుకున్నాను. మొదటిది డిస్క్ తాళం. ఎఫ్‌టీపీఎం రీసెట్ అయితే, విండోస్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉన్న డిస్క్ రికవరీ కీ అడుగుతుంది. ఈ మెషీన్‌లో ఆన్‌లోనే ఉంది, ఆ సంగతి అబ్బాయికి తెలీదు. అతని అకౌంట్‌లోంచి 48 అంకెల కీ తీసి కాగితం మీద రాయించి, ఎన్‌క్రిప్షన్‌ని తాత్కాలికంగా ఆపాను. ఎడిట్ చేయాల్సిన పెళ్లి వీడియోలు అందులోనే ఉన్నాయి. ఆ కుటుంబాలకి అవి మళ్లీ దొరికేవి కావు. రెండోది కరెంటు. మూడేళ్ల కిందట ఒక వానాకాలం సాయంత్రం యూపీఎస్ లేకుండా బయోస్ వేస్తుంటే మధ్యలో కరెంటు పోయి బోర్డు చచ్చుబడింది. చిప్‌కి క్లిప్పు తగిలించి, ప్రోగ్రామర్‌తో మళ్లీ రాసి బతికించడానికి ఒకటిన్నర రోజు పట్టింది. తప్పు నాదే. అప్పట్నుంచి యూపీఎస్ బ్యాటరీ నిండా ఉంటేనే ఈ పని ముట్టుకుంటాను.

అన్నీ అయ్యాక మెషీన్‌ని ఇంటికి తీసుకెళ్లి, క్యాబినెట్‌ని గోడ నుంచి జానెడు ముందుకి జరిపి, అదే మధ్యాహ్నం వేళకి మళ్లీ కొలిచాను. వాలరెంట్ సగటు 186, కనిష్ఠం 98. కౌంటర్ స్ట్రైక్ 121, 56. వేడి 76 డిగ్రీలు. మూడు రోజులు మామూలుగా ఆడుకోమని చెప్పి వచ్చాను. మూడు రోజుల్లో ఒక్కసారి కూడా బొమ్మ ఆగలేదు. మధ్యాహ్నానికి, అర్ధరాత్రికి తేడా కూడా అతనికి తెలియలేదు.

నోట్‌బుక్‌లో మొదటి వరుస, మూడో వరుస కొట్టేశాను. ఇంతవరకు ఒక్క పార్టు కూడా కొనలేదు.

రెండో వరుస

పోరులో తడబాటు మాత్రం పోలేదు. తగ్గింది, అంతే. అబ్బాయి నిజాయితీగా చెప్పాడు: "చాలా బాగుందన్నా, కానీ ఐదుగురు వచ్చినప్పుడు ఇంకా తెలుస్తోంది." ఇక్కడ ఆగి "సర్దుకుపో" అనడం కూడా తప్పే. కొనకుండా సరిపెట్టించడమే మంచి సలహా అని నేను అనుకోను. ఇంకా ఇబ్బంది ఉంటే దానికి కారణం ఉంటుంది, అది తేల్చాలి.

తేల్చడానికి రెండు పరీక్షలు చాలు. వాలరెంట్ సెట్టింగ్స్‌లోనే ప్రాసెసర్ ఒక ఫ్రేముకి తీసుకునే సమయం, గ్రాఫిక్స్ కార్డు తీసుకునే సమయం విడివిడిగా చూపించే ఆప్షన్ ఉంది. ఆన్ చేసి పోరులోకి దింపాను. కార్డు సమయం 3.5 మిల్లీ సెకన్ల దగ్గర కదలకుండా ఉంది. ప్రాసెసర్ సమయం మామూలుగా 5.3, పొగలు పడగానే 10 దాటుతోంది. రెండో పరీక్ష ఇంకా తేలిక. రిజల్యూషన్‌ని 720కి దించాను. కార్డు మీద పని సగానికన్నా తగ్గింది. కార్డే ఆపుతుంటే ఫ్రేములు పెరగాలి. ఒక్కటి కూడా పెరగలేదు. ప్రాసెసరే ఆపుతోంది.

అబ్బాయి టాస్క్ మేనేజర్ తెరిచి చూపించాడు. "మరి ప్రాసెసర్ 47 శాతమే అంటోంది కదన్నా, ఇంకా సగం ఖాళీయే కదా?" అది ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్ల (ఒకేసారి నడిచే పని వరుసల) సగటు. ఆటలో ముఖ్యమైన పనంతా ఒకటి రెండు థ్రెడ్ల మీదే నడుస్తుంది. కల్యాణ మంటపంలో పన్నెండు మంది వడ్డించేవాళ్లున్నా అన్నం వార్చేవాడు ఒక్కడే అయితే బంతి ఆగేది అతని దగ్గరే. థ్రెడ్లని విడివిడిగా చూపిస్తే ఒకటి 90 దాటి ఉంది. అప్పుడు ఒప్పుకున్నాడు.

కొనే ముందు గురి ఏంటో రాసుకోవాలి. లేకపోతే బజారులో ఉన్న పెద్ద అంకే గురి అయిపోతుంది. ఈ కేసులో గురి మానిటరే చెప్పింది. 144 హెర్ట్జ్ అంటే ప్రతి 6.9 మిల్లీ సెకన్లకి ఒక కొత్త బొమ్మ. పోరు మధ్యలో కూడా ప్రాసెసర్ సమయం 6.9 దాటకూడదు, అంటే వాలరెంట్‌లో కనిష్ఠం 144కి పైన ఉండాలి. అంతకన్నా ఎక్కువ వచ్చినా ఈ మానిటర్ మీద కనబడదు. అతను ఎక్కువసేపు ఆడేది వాలరెంటే కాబట్టి గురి దాని మీదే పెట్టాం.

బోర్డు మాటేమిటి

ఆ రాత్రి వాళ్ల నాన్నగారు షెడ్డు కట్టేసి వచ్చాక ముగ్గురం కూర్చున్నాం. నేను చెప్పేదంతా విని ఆయన అడిగిన ప్రశ్న నాకు చాలా నచ్చింది. "తమ్ముడూ, ఛాసిస్ బాగుందా లేదా? అది చెప్పు. ఛాసిస్ బాగుంటే ఇంజను దించి ఇంకోటి ఎక్కించుకుంటాం. బాగాలేకపోతే మొత్తం మారుస్తాం. దేనికి డబ్బు అడుగుతున్నాడు వీడు?"

ఛాసిస్ బాగుంది. బీ450 బోర్డులు 2018లో వచ్చాయి. అదే ఏఎం4 సాకెట్‌లో, కొత్త బయోస్ ఉంటే, రైజెన్ 5000 వరుస ప్రాసెసర్లు నడుస్తాయి. ఆ బయోస్ మేం అప్పటికే వేసేశాం. 2022లో వచ్చిన రైజెన్ 5 5600కీ ఈ 2600కీ బయటికి తేడా కనబడదు: రెండూ ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, రెండూ 65 వాట్లే. బోర్డు మీద కొత్తగా పడే బరువేమీ లేదు. తేడా అంతా లోపల. 2600లో ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన చిన్న మెమరీ) 16 ఎంబీ, అది కూడా ఎనిమిదేసి ఎంబీల రెండు ముక్కలు. ఒక ముక్క దగ్గరున్న కోర్లకి రెండో ముక్కలోది కావాలంటే చుట్టు తిరిగి రావాలి. 5600లో 32 ఎంబీ, ఆరు కోర్లకీ కలిపి ఒకటే అలమర. ఆటల్లో కనిష్ఠం పెరిగేది ఎక్కువగా దీనివల్లే. దాని ధర ఆ వారం నాకు 9,200 పడింది.

అబ్బాయి దగ్గర మంచి వాదనే ఉంది. "ఏఎం5 అయితే 2027 దాటాక కూడా కొత్త ప్రాసెసర్లు వస్తాయన్నారు కదన్నా. ఏఎం4 అయిపోయిందిగా?" ఏఎం5 అంటే కొటేషన్‌లోని 7600కీ, బీ650 బోర్డుకీ ఉన్న కొత్త సాకెట్. నిజమే, ఏఎండీ ఆ మాట ఇచ్చింది. కొత్తగా మెషీన్ కట్టించుకునేవాడు అడిగితే నేనూ ఏఎం5 వైపే చెప్తాను. కానీ ఇతని దగ్గర ఉన్న బోర్డు, ర్యామ్ రెండూ ఆరోగ్యంగా ఉన్నాయి. ఏఎం5లో డీడీఆర్5 తప్ప నడవదు కాబట్టి ప్రాసెసర్ మారిస్తే బోర్డు, బోర్డు మారిస్తే ర్యామ్ కూడా మారాలి. 39,500 పెట్టాక చేతిలో 8,500 మిగులుతుంది, కార్డు మాత్రం అదే 1660 సూపర్. అతని ఎదురుగానే సైబర్‌పంక్ పెట్టి చూపించాను. 47 ఫ్రేములు, కార్డు 98 శాతం. ఆ ఆటలో ఏ ప్రాసెసర్ పెట్టినా 47 పెద్దగా కదలదు. ఏఎం5 మీద ఆశ ఉంటే రెండు మూడేళ్లాగి, అప్పటి ధరకి, అప్పటి కొత్త ప్రాసెసర్‌తో వెళ్లొచ్చు.

ఇదే బోర్డు మీద రైజెన్ 7 5700ఎక్స్3డీ కూడా పరిశీలించాను. 96 ఎంబీ క్యాష్, ఆటలకి ఈ సాకెట్‌లో చాలా బలమైనది. అప్పటి ధర దగ్గర దగ్గర 20,000. మా గురికి అంత అవసరం లేదు, దానికి తగ్గ కార్డు కూడా ఇతని దగ్గర లేదు. వద్దన్నాను.

బోర్డు మార్చక తప్పని కేసులూ ఉంటాయి. సరిగ్గా అదే వారం గుంటూరు బ్రాడీపేట నుంచి ఇంకొక మెషీన్ వచ్చింది. ఇంటెల్ ఐ5 9400ఎఫ్, హెచ్310 బోర్డు. ఆరు కోర్లకి ఆరే థ్రెడ్లు. ఆ బోర్డు 8, 9 తరాలతోనే ఆగిపోతుంది. పై మెట్టు అంటే సెకండ్ హ్యాండ్‌లో పాత ఐ7, దాని ధర కొత్త ఐ5 12400ఎఫ్ ధరకి దగ్గరగా ఉంది. అక్కడ బోర్డు మార్చమనే చెప్పాను. డీడీఆర్4 నడిచే హెచ్610 బోర్డు తీసుకోవడం వల్ల ర్యామ్ ఖర్చు మాత్రం తప్పింది. ఇంకో రకం కూడా ఉంది: కరెంటు సరఫరా చేసే భాగం మీద హీట్‌సింక్ లేని చవక బోర్డులో ఎనిమిది కోర్లది పెట్టాలనుకుంటే, సాకెట్ కుదిరినా నేను ఒప్పుకోను. మన ఎండలకి అది నిలబడదు.

నాన్నగారు లెక్క కాగితం ఒకసారి చూసి, "సరే, ఇంజనే మార్చండి" అని లేచారు. అబ్బాయి ముఖం కొంచెం చిన్నబోయింది. ఆ వయసులో కొత్త పెట్టెలు నాలుగు విప్పాలనే ఉంటుంది, నాకు తెలుసు.

మార్పిడి

పేస్ట్ కొత్తదే కాబట్టి ఈసారి కూలర్ సులువుగా వచ్చింది. 2600 తీసి, 5600 మీదున్న బంగారు రంగు త్రికోణాన్ని సాకెట్ మీది త్రికోణానికి సరిచూసి పెట్టాను. సరిగ్గా పెడితే దానంతట అదే దిగుతుంది, వేలితో నొక్కాల్సిన పని లేదు. నొక్కాల్సి వస్తోందంటే తప్పు పెట్టినట్టే. ప్రాసెసర్‌తో పాటు చిన్న కూలర్ ఒకటి వస్తుంది. కానీ 37 డిగ్రీల గదిని దృష్టిలో పెట్టుకుని టవర్ కూలర్ పెట్టాను, ముందు వైపు రెండు ఫ్యాన్లు బిగించాను.

మొదటిసారి ఆన్ చేయగానే తెర మీద, కొత్త ప్రాసెసర్ కనబడింది, ఎఫ్‌టీపీఎం రీసెట్ చేయమంటావా, అవునా కాదా అని అడిగింది. అబ్బాయి చెయ్యి కీబోర్డు మీదికి వెళ్లింది. "ఆగు" అన్నాను. కీ రాసిన కాగితం జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాకే అవును నొక్కించాను. విండోస్ మామూలుగా తెరుచుకుంది. వీడియోలన్నీ ఉన్నాయి.

5600తో ర్యామ్ 3200కి ఒప్పుకుంటుందేమోనని మళ్లీ పరీక్షించాను. అవే తప్పులు వచ్చాయి. అంటే దోషం పాత ప్రాసెసర్‌ది కాదు, 2666 స్టిక్కుది. 2933 దగ్గరే వదిలేశాను. ఆ చిన్న తేడా కోసం కొత్త జత కొనిపించడం నాకు ఇష్టం లేకపోయింది.

అదే గది, అదే మధ్యాహ్నం, అవే మూడు టీమ్ డెత్‌మ్యాచ్‌లు. సగటు 296, కనిష్ఠం 167. పోరులో ప్రాసెసర్ సమయం 6 దగ్గర ఆగింది. కౌంటర్ స్ట్రైక్ 189, 88. అక్కడ ఇప్పుడు కార్డే 96 శాతం దగ్గర నిండిపోతోంది. సైబర్‌పంక్ 47 నుంచి 50కి వచ్చింది, అనుకున్నట్టే. వేడి 68. మూడో మ్యాచ్ మధ్యలో ఐదుగురు ఒకేసారి వచ్చి పొగ వేశారు. అబ్బాయి ఏమీ అనలేదు, వెనక్కి కూడా తిరగలేదు, ఆడుతూనే ఉన్నాడు. నేను అంకెలు రాసుకున్నాను.

లెక్క ఇది: ప్రాసెసర్ 9,200, కూలర్ 1,800, ఫ్యాన్లు 700, అన్ని రోజుల పనికి కలిపి నా కూలి 1,500. మొత్తం 13,200. పాత 2600ని 3,000కి ఇంకో కుర్రాడికి అమ్మిపెట్టాను. అబ్బాయి దగ్గర 37,800 మిగిలింది.

ఆగస్టులో మళ్లీ వెళ్లాను, ఎప్పుడూ చేసే రెండు నెలల తనిఖీకి. బొమ్మ ఆగడం ఒక్కసారి కూడా జరగలేదట. వీడియో ఎడిటింగ్‌లో టైమ్‌లైన్ ముందుకీ వెనక్కీ లాగితే ఇప్పుడు తడబడడం లేదని తనే చూపించాడు, ఆ లాభం నేను లెక్కలో వేసుకోనిది. ఇప్పుడు అతని దృష్టి గ్రాఫిక్స్ కార్డు మీద ఉంది. ఆర్‌టీఎక్స్ 4060 అడిగాడు. 115 వాట్ల కార్డే కాబట్టి 450 వాట్ల సప్లై సరిపోతుంది. అది పీసీఐఈ (కార్డుకీ బోర్డుకీ మధ్య డేటా నడిచే దారి) 4.0లో ఎనిమిది లేన్ల కార్డు, ఈ బోర్డులో 3.0గా నడుస్తుంది. మామూలుగా తేడా స్వల్పమే, కార్డు మీది 8 జీబీ మెమరీ నిండిపోయే ఆటల్లో మాత్రం కొంచెం తెలుస్తుంది. ఆ సంగతి చెప్పి, దసరా ధరలు చూసి నిర్ణయించుకోమన్నాను.

నేను ముట్టుకున్న ప్రతి మెషీన్‌లో పక్క తలుపు లోపలి వైపు ఒక కాగితం అంటిస్తాను. ఈ మెషీన్ కాగితం మీద తేదీ, గది వేడి, ర్యామ్ స్లాట్లు, బయోస్ వెర్షన్, మూడు విడతల కొలతలు ఉన్నాయి. ఆగస్టు అంకెలు నాలుగో వరుసలో అబ్బాయి చేతే రాయించాను. ఐదో వరుసలో "వచ్చే మే, మధ్యాహ్నం" అని మాత్రం రాసి, మిగతా గడులు ఖాళీగా ఉంచాం.